షుగర్ ఉన్నవాళ్లకి షుగర్ ఉన్నవాళ్లే నేర్పితే: మా పల్లెలో ఏడాది అనుభవం

2024 జూన్‌లో సబ్‌సెంటర్ నర్సమ్మ మా వీధి డ్వాక్రా మీటింగుకి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లలోంచే కొందరికి శిక్షణ ఇచ్చి, వాళ్లచేత మిగతావాళ్లకి నేర్పిస్తారట, ఇష్టమైనవాళ్లు పేర్లు ఇవ్వండని అడిగింది. మాది పశ్చిమ గోదావరిలో వరి చేలూ రొయ్యల చెరువులూ పక్కపక్కనే ఉన్న పల్లె. మేము పేర్లు ఇచ్చాక ఆగస్టు చివరిదాకా ఏ కబురూ లేదు. ఆలోపు పేరిచ్చినవాళ్లలో సగం మంది జారుకున్నారు. ఈ పని తలపెట్టేవాళ్లు ఈ ఎదురుచూపుని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఎంపికలో ఎవరి షుగర్ ఎంత తక్కువుందని చూడలేదు. అంకెలు చదవడం రావాలి, జబ్బు వచ్చి ఏడాది దాటి ఉండాలి, ఇరుగుపొరుగు తలుపు తట్టి అడిగేంత చనువుండాలి, తనకి షుగరుందని పదిమందిలో చెప్పుకోగలగాలి. చివరిదే కష్టం. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లల్లో ఈ మాట గడప దాటనివ్వరు.

శిక్షణ మండల కేంద్రంలో, మూడు రోజులు. మొదటి పూటంతా ఏం చేయకూడదో చెప్పడానికే సరిపోయింది. మందు మోతాదు మార్చమనకూడదు. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇప్పించకూడదు. రక్తం చూడటానికి ఒకరి వేలు మనం పొడవకూడదు. పుండు కడగకూడదు. ఇలాంటిది ఏది ఎదురైనా నర్సమ్మకి ఫోను చేయాలి. తర్వాత నేర్పిన ఒక పద్ధతి మాత్రం మిగతా పాఠాలన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. చెప్పింది అయిపోయాక "అర్థమైందా?" అని అడగొద్దన్నారు. అలా అడిగితే అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లి మీ కోడలికి ఏమని చెప్తారు పిన్నీ?" అని అడగమన్నారు. అప్పుడు బయటపడుతుంది, పిన్నికి ఏం చేరిందో ఏం చేరలేదో.

గొప్పలు ఆశించొద్దని కూడా అక్కడే చెప్పారు. కేరళలో తిరువనంతపురం దగ్గర నెయ్యాటింకర తాలూకాలో, షుగర్ వచ్చే ముప్పు ఉన్నవాళ్లతో ఇలాంటి గుంపులే రెండేళ్లు నడిపి 2018లో ఫలితాలు ప్రచురించారు. కొత్తగా షుగర్ వచ్చినవాళ్ల శాతం గుంపుల్లో 14.9, మామూలు సలహాలు మాత్రమే అందినచోట 17.1. ఆ తేడా గట్టిగా నిలబడేంతది కాదని చేసినవాళ్లే రాశారు. ఊరంతా మారిపోతుందని ఊహించుకుని దిగినవాళ్లకి రెండో నెలలోనే నీరసం వస్తుంది కాబట్టి ఈ సంగతి ముందే వినడం మంచిదైంది.

మొదటి మీటింగు సెప్టెంబరులో రామాలయం అరుగు మీద పెట్టాం. పేటలోంచి ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు, అడగాల్సిన పనీ లేదు. తర్వాతది బడి వరండాకి మార్చితే వచ్చారు. ఎక్కడ కూర్చోబెడతామన్న దాన్నిబట్టే ఎవరు వస్తారో తేలిపోతుంది. వేళ కూడా అంతే. రొయ్యల షెడ్డు బండి తెల్లవారుజామున వచ్చి ఆడవాళ్లని ఎక్కించుకుపోతుంది, మళ్లీ సాయంత్రమే దింపుతుంది. అందుకని మీటింగు రాత్రి ఏడింటికి, గంటకి మించకుండా, పదిహేను రోజులకోసారి. నాట్ల రోజుల్లో, కోతల్లో ఎవరూ రారు. ఆ వారాల్లో మీటింగు మానేసి ఇళ్లకి వెళ్లి పలకరించడమే నయం.

మొదటి పాఠం షుగర్ అంటే ఏమిటి అని ఉంది మాకిచ్చిన పుస్తకంలో. దాన్ని పక్కన పెట్టి, ఎవరి మందుల సంచి వాళ్లు తెచ్చుకోమన్నాం. సంచులు విప్పితే తెలిసిన సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు. మందుల బండిలో ఇచ్చిన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒకటి, పట్నం డాక్టరు రాసిన మెట్‌ఫార్మిన్ వేరే కంపెనీ పేరుతో ఇంకొకటి, రెండూ వేసుకుంటున్నవాళ్లు కనిపించారు. పేరు వేరు, రంగు వేరు, లోపల మందు ఒకటే. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు ఎలా చూడాలో చూపించి, అనుమానమున్న అట్టలు రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేసి నర్సమ్మ దగ్గరికి పంపాం. కొందరు గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర పొద్దున్నే వేసుకుని, టిఫిను లేకుండా పనికెళ్లి, పదకొండింటికి కళ్లు తిరిగి పడుతున్నారు. ఆ మాత్ర టిఫినుకి కాస్త ముందు వేసుకోవాలి. తిండి లేని పూట దాని సంగతి ఏమిటో ముందే డాక్టరునడిగి ఉంచుకోవాలి. మెట్‌ఫార్మిన్ అన్నం తిన్నాక వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు. ఆ బాధకే చాలామంది మానేశారు, మానేశామని డాక్టరుకి చెప్పలేదు. "అంకె మామూలుకొచ్చింది కదా, ఇంకెందుకు" అని మానేసినవాళ్లు ఇంకొందరు. చదువు రానివాళ్లకి కాగితం కవర్ల మీద పొద్దుటి మాత్రలకి సూర్యుడు, రాత్రి మాత్రలకి చంద్రుడు గీసి ఇచ్చాం. అన్నిట్లోకీ తక్కువ ఖర్చుతో అయినది ఇదే.

వేలి రక్తపు చుక్కతో షుగర్ చూసే గ్లూకోమీటరు దగ్గర ఎక్కువ కాలం పట్టింది. మిషను మాకు శిక్షణ ఇచ్చిన సంస్థే ఇచ్చింది, రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పులు మాత్రం కొన్నాళ్లే ఇచ్చింది. ఆ తర్వాత యాభై స్ట్రిప్పుల డబ్బా కొనాలంటే ఏడెనిమిది వందల దాకా అవుతోంది. కాబట్టి స్ట్రిప్పు వృథా కాకుండా చూడటమే మొదటి పాఠమైంది. మామిడిపండు తిన్న చేత్తో, బెల్లం తాకిన వేలితో చూస్తే అంకె అబద్ధం చెబుతుంది. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, తడి మిగిలితే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, వేలి కొసన కాకుండా పక్కన పొడుచుకోవాలి. అక్కడ నొప్పి తక్కువ. వేలి కొసని గట్టిగా పిండకూడదు, అరచేతి వైపు నుంచి మెల్లగా నిమరాలి. స్ట్రిప్పు తీసిన వెంటనే డబ్బా మూత బిగించాలి. మా తీరప్రాంతపు చెమ్మకి మూత తెరిచి ఉన్న స్ట్రిప్పులు త్వరగా పాడవుతాయి. డబ్బాని పొయ్యి పక్కనా ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. సూది ఎవరిది వాళ్లదే. సూది మార్చినా పొడిచే పెన్ను కూడా ఒకరిది ఇంకొకరు వాడకూడదు, దాని మీద మిగిలిన రక్తంతో కామెర్ల వైరస్ అంటుకోవచ్చు. వాడిన సూదులు మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక సబ్‌సెంటర్లో ఇచ్చేవాళ్లం.

నెలకి నాలుగే స్ట్రిప్పులుంటే ఎప్పుడు చూసుకోవాలి? నాలుగూ పొద్దున్నే పరగడుపున చూసుకుంటే ఏ తిండి ఏం చేస్తోందో తెలియదు. మాకు నేర్పింది జంట పరీక్ష. ఒక పూట తినేముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్కపెట్టి రెండు గంటలకి ఇంకొకటి. రెండూ గోడ క్యాలెండరు మీద ఆ తేదీ గడిలోనే రాసి, పక్కన ఏం తిన్నారో రాయాలి. మామూలుగా పెట్టుకునే గురి తినకముందు 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు. పెద్ద వయసువాళ్లకి, తరచూ లో షుగర్ అయ్యేవాళ్లకి, అంటే షుగర్ మరీ పడిపోయేవాళ్లకి, డాక్టరు గురి కాస్త సడలిస్తారు, అందరికీ ఒకే అంకె రుద్దకూడదు.

ఈ జంట పరీక్షే తిండి మీద వాదనలు తెంచింది. రాగి జావ షుగర్ పెంచదని మా గుంపులో అందరి నమ్మకం. ఒకావిడ పెద్ద గ్లాసుడు జావ తాగి రెండు గంటలకి చూసుకుంది, అంకె మామూలు టిఫినుకి లేచేదానికంటే ఎక్కువ లేచింది. మెత్తటి పిండి, పలచగా కాచింది, గటగటా తాగేది. లోపలికి త్వరగా పోతుంది మరి. మేము ఎంత చెప్పినా ఒప్పుకోనివాళ్లు ఆ అంకె చూసి ఒప్పుకున్నారు. బెల్లం, తేనె మీద ఉన్న నమ్మకమూ అలాగే పోయింది. చపాతీ సంగతి లెక్కేసి చూపించాం. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన ఒక్కో చపాతీలో ఇరవై గ్రాముల దాకా పిండిపదార్థముంటుంది, మూడు తింటే అరవై. అన్నం మానేశామన్న ధైర్యంతో రాత్రి అయిదు తినేవాళ్లున్నారు.

అన్నం తూచడానికి కిరాణా కొట్టు కాటా అడిగి తెచ్చాం. ఎవరికి వాళ్లు రోజూ పెట్టుకునేంత విస్తట్లో వడ్డించుకోమని, తర్వాత తూచితే, కొందరిది నాలుగు వందల గ్రాములు దాటింది. నాలుగు వందల గ్రాముల అన్నంలో నూటపది గ్రాముల పిండిపదార్థం. పుస్తకంలో ఉన్న సలహా కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో చేపో, పావు వంతు అన్నం. మడిలో వంగి నాట్లేసే మనిషికి ఆ పావు వంతు ఆనదు. మేము మూడో వంతు తగ్గించి ఆ జాగాలో ఆకుకూర పప్పు, దొండకాయో బెండకాయో పెట్టించాం, కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తినమన్నాం. ఇక్కడొక జాగ్రత్త. గ్లిమిపిరైడో ఇన్సులినో వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. వాళ్లు ముందు నర్సమ్మకి చెప్పి, అవసరమైతే మందు సరిచేయించుకున్నాకే తగ్గించాలి.

కొర్రల మాట ప్రతి మీటింగులోనూ వస్తుంది. కార్డు మీద మనిషికి నెలకి అయిదు కిలోల బియ్యం ఉచితంగా వస్తుంటే, కిలో వందకి అటూఇటూ ఉన్న కొర్రలు కొనుక్కోమని కూలివాళ్లకి చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు. కొనగలిగినవాళ్లు తినొచ్చు, కొలత మాత్రం తప్పదు. అంతకంటే చవకగా తగ్గేది టీలో చక్కెర. రెండు చెంచాల చొప్పున రోజుకి అయిదు టీలంటే నలభై యాభై గ్రాములు ఒంట్లోకి పోతున్నట్టే.

కార్తీకమాసం మేము ఊహించని పని పెట్టింది. సోమవారాలు పగలంతా ఉపవాసం, రాత్రి చుక్క చూశాకే భోజనం. మాత్ర మాత్రం మామూలుగానే వేసేసుకుంటారు. ఇది తెలిసి మాసం మొదలయ్యే ముందే, ఉపవాసం ఉంటామన్నవాళ్ల పేర్లు రాసి నర్సమ్మకి ఇచ్చాం. మందు ఎలా మార్చుకోవాలో డాక్టరు ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు, ఇన్సులిన్ వాడేవాళ్లని ఉపవాసమే వద్దన్నారు. రంజాన్‌కి కూడా ఇదే చేయాలి, నెల ముందు అడిగితే మేలు. లో షుగర్ గుర్తులు చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, కారణం లేని కోపం. మీటరులో 70 కంటే తక్కువ. మీటరు దగ్గర లేకపోతే దానికోసం వెతుక్కోకుండా, మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి, ఆ గుర్తులు తగ్గకపోతే మళ్లీ అంతే. తగ్గాక అన్నమో ఇడ్లీయో తినిపించాలి. చాక్లెట్లు, బిస్కెట్లు ఆ సమయానికి పనికిరావు, వాటిలో కొవ్వుండి చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమిపిరైడ్ వల్ల పడిపోయినవాళ్లు తేరుకున్నా, కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. "లేచి కూర్చుందిగా" అని ఒంటరిగా వదిలి వెళ్లకూడదు, ఆసుపత్రిలో చూపించాలి. చేలోకి వెళ్లేవాళ్లందరికీ చక్కెర పొట్లం కొంగున కట్టుకోవడం అలవాటు చేశాం.

ఇన్సులిన్ వాడేవాళ్లు మా గుంపులో కొద్దిమందే అయినా వాళ్ల దగ్గర తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. మనకి సర్కారు ఆసుపత్రుల్లో ఇచ్చే సీసాలు సాధారణంగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. నారింజ రంగు మూతది 100 యూనిట్లకి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో ఇరవై గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది ఎనిమిది యూనిట్లే. అటుది ఇటై, 100 సీసాకి ఎర్ర మూత సిరంజి వాడితే ఇంకా ప్రమాదం, రెండున్నర రెట్లు పోతుంది. మందుల దుకాణంలో "ఇన్సులిన్ సిరంజి" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు, కాబట్టి సీసా చేత్తో పట్టుకెళ్లి రెండిటి మీదా అంకె ఒకటేనా అని చూసుకోవాలి. ఫ్రిజ్ లేని ఇళ్లల్లో ఇసుక పోసి తడిపిన పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, అందులో నీళ్లు చొరని డబ్బాలో సీసా పెట్టించాం. నీడలో, గాలి తగిలేచోట. ఏప్రిల్, మేల్లో పనిచేసింది కానీ ఉక్క ఎక్కువున్న రోజుల్లో అంత చల్లగా ఉండదు. వాడటం మొదలుపెట్టిన సీసా ఇరవై ఎనిమిది రోజులు దాటితే మందు మిగిలినా పారేయాలి. సీసా మీద పెన్నుతో తేదీ రాయకపోతే ఇది ఎవరికీ గుర్తుండదు.

కాళ్ల పాఠం సంక్రాంతి తర్వాత మొదలైంది. అదే ముందు పెట్టాల్సిందని ఇప్పుడనిపిస్తోంది, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు. మనిషిని కళ్లు మూసుకోమని, చూపుడు వేలి కొసతో బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేళ్ల కొసల్ని ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు. రెండు కాళ్లకీ కలిపి ఆరు చోట్లు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే, ఆసుపత్రికి పంపాలి. ఇది ఎవరికి వాళ్లు చేసుకునేది కాదు, ఇంట్లో మనవడికో మనవరాలికో నేర్పాలి. పిల్లలు సరదాగా చేస్తారు, మళ్లీ మళ్లీ చేస్తారు. అరికాలు చూసుకోవడానికి అద్దం తెమ్మన్నాం, వాళ్లే ఫోనుతో ఫొటో తీసుకోవడం మొదలుపెట్టారు. మచ్చ పెరుగుతోందో తగ్గుతోందో పోల్చుకోవడానికి అద్దం కంటే అదే మెరుగు.

రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ల కాళ్లు పొద్దస్తమానం తడి బూట్లలో నానుతాయి. వేళ్ల సందులు పాచిపోయి, పగిలి, అక్కడినుంచే చీము పడుతుంది. ఇంటికి రాగానే సందులు పొడిబట్టతో అద్దుకోవాలి, కొబ్బరినూనె మడమలకే తప్ప సందుల్లో రాయకూడదు. స్పర్శ తగ్గినవాళ్లు వేన్నీళ్లలో కాళ్లు పెట్టేముందు మోచేత్తో వేడి చూసుకోవాలి. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవడం, బజారులో దొరికే ఆనె పట్టీలు వేయడం రెండూ మానాలి, పుండు అక్కడే మొదలవుతుంది. చెప్పులు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త వాచి ఉంటుంది కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. వెనక పట్టీ ఉన్నవే కొనాలి. స్పర్శ లేని కాలికి హవాయి చెప్పు జారిపోయినా తెలియదు. మెట్టెల సంగతి ఏ శిక్షణలోనూ చెప్పలేదు. వాచిన వేలికి మెట్టె బిగిసి కోసుకుపోయిన గాయాలు మా గుంపులోనే కనిపించాయి. తీసేయమంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. కంసాలి దగ్గర వదులు చేయించుకోమంటే ఒప్పుకున్నారు, కొందరు వేలు మార్చి పెట్టుకున్నారు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష శిక్షణ సంస్థే రెండుసార్లు చేయించింది. మొదటిసారి నమూనాలు పట్నం ల్యాబుకి వెళ్లి కాగితాలు రావడానికి మూడు వారాల పైనే పట్టింది. ఈలోగా చాలామంది అడగడమే మానేశారు. బయట చేయించుకుంటే నాలుగైదు వందలు. పరీక్ష ముందు రెండు రోజులు పస్తులుండి అంకె దింపుకునే అలవాటున్నవాళ్లకి ఈ పరీక్ష మింగుడుపడలేదు, పస్తులకి అది లొంగదు మరి. రక్తహీనత బాగా ఉన్న ఆడవాళ్లకి ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు, ఇనుము లోపంలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టి చూడమని నర్సమ్మ చెప్పేది. రెండోసారి కాగితాలు 2025 వేసవిలో వచ్చాయి. మాత్రలు వేళకి పడటం మొదలైనవాళ్లకి బాగా తగ్గింది. తిండి మాత్రమే మార్చి మాత్రలు ఎగ్గొట్టినవాళ్లకి పెద్దగా కదల్లేదు. కొందరికి పెరిగింది కూడా. వాళ్లు ముఖం చాటేస్తారు. ఆ వారంలోనే ఇంటికి వెళ్లి, అంకె ఊసెత్తకుండా కూర్చుని రావాలి. లేకపోతే ఇక మీటింగుకి రారు.

కంటి పరీక్షకి వెళ్లేవాళ్లకి ఒక మాట. కంట్లో చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి తోలుకుంటూ ఒక్కరే వెళ్లకూడదు. చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి వెళ్లాలి.

మధ్యలో షుగర్ పూర్తిగా పోగొట్టే పొడి అమ్మేవాడు ఊళ్లోకి వచ్చాడు. నెలకి పదిహేను వందలు. మందు డబ్బులు లేవన్నవాళ్లు కూడా కొన్నారు. తిట్టి లాభం లేదు, తిడితే చాటుగా తింటారు. "మాత్రలూ ఇన్సులినూ మాత్రం ఆపొద్దు, పొడి సంగతి నర్సమ్మకి చెప్పు, జంట పరీక్ష చేసి క్యాలెండరు మీద రాయి" అన్నాం. రెండోసారి డబ్బా కొన్నవాళ్లు పెద్దగా లేరు.

మాకు జీతం లేదు. శిక్షణ రోజులకి బస్సు ఛార్జీలు, భోజనం ఇచ్చారు, మీటింగుల్లో టీ ఖర్చు మాదే. ఫోను రాత్రి పదింటికి కూడా మోగుతుంది, ఇంట్లోవాళ్లు దానికి సిద్ధపడి ఉండాలి. ఒక వీధికి ఇద్దరుంటేనే నడుస్తుంది. ఒకరు పురిటికో పెళ్లికో వెళ్లినా రెండోవాళ్లుంటారు.

మగవాళ్లు బడి వరండాకి చివరిదాకా రాలేదు. ఆడవాళ్ల మధ్య కూర్చోవడం ఇష్టం లేదన్నారు. వాళ్ల గుంపు ఇప్పుడు పొద్దున్న ఆరింటికి టీకొట్టు దగ్గర, ఒక రిటైర్డ్ కండక్టరు గారి చేతిమీదుగా నడుస్తోంది. టీకొట్టు బాబాయి చక్కెర వేయని టీ విడిగా కాచి పెడుతున్నాడు, ధర మాత్రం తగ్గించలేదు. వచ్చే నెలనుంచి స్ట్రిప్పులకి మనిషికి ఇరవై రూపాయల చొప్పున రెండు గుంపులూ కలిపి చిట్టీలా వేసుకోవాలని అనుకుంటున్నాం.